పగ తీరిన తరువాత

చదువవలసిన వాక్యభాగములు: 1 సమూయేలు 24, 25, 26 అధ్యాయములు, 1 రాజులు 2వ అధ్యాయము.



గడచిన వేసవిలో గద్వాల ప్రాంతమందలి ఒక పల్లెలో యౌవనస్థుల కూడిక ముగిసిన తరువాత, డిగ్రీ చదువుచున్న ఒక కుఱ్ఱవాడు నా ప్రక్కన చాప మీద కూర్చుండి తన ఫోనులో ఒక వీడియో గేమ్ చూపించెను. ఆ ఆట ఆడుటకు కావలసిన యంత్రము వానికి లేదు. ఎవరో ఆడుచుండగా పట్టిన దృశ్యములను రాత్రులు కూర్చుండి చూచుట వాని అలవాటు. ఆట పేరు గాడ్ ఆఫ్ వార్. అందులోని వీరుని పేరు క్రేటోస్. బూడిద పూసినట్టున్న దేహము, ముఖము మీదుగా ఎఱ్ఱని చార, చేతులకు గొలుసులతో బిగించిన కత్తులు. చూచుటకే భయము పుట్టించు మనిషి.

వాడు నన్నడిగిన ప్రశ్న ఇది. "అయ్యగారూ, మూడో భాగంలనే ఈయన పగంతా తీరిపాయె. అందర్నీ సంపిండు. మల్ల కథ ఎందుకు? పగ తీరినోడు బతికి ఏం జేస్తడు?"

నేను వెంటనే రోమా పత్రిక 12వ అధ్యాయము తెరువబోయి మానుకొంటిని. ఎందుకనగా ఆ కుఱ్ఱవాని యింటి సంగతి నాకు తెలియును. వాడు ఏడవ తరగతిలో నున్నప్పుడు వాని తండ్రి ఒక గట్టు తగాదాలో దెబ్బలు తిని చనిపోయెను. కేసు నడిచినది. చూచిన వారు చూడలేదనిరి. నిందితులు విడుదలై వచ్చిరి. వారు నేటికిని ఆ ఊరిలోనే యున్నారు. వారి పొలమును వీరి పొలమును ఒక్క కాలువ క్రిందనే యున్నవి. ప్రతి సంవత్సరము పండుగకు వచ్చు మేనమామలు ఆ కుఱ్ఱవాని భుజముల వెడల్పు చూచి ఏమని చెప్పుకొందురో నేను వ్రాయనక్కరలేదు. పల్లెలలో నివసించు మీకు అది తెలియనిది కాదు. కాబట్టి వాడు ఆట గురించి అడిగినను అది ఆటను గురించి మాత్రమే అడిగిన ప్రశ్న కాదు.

మొదట ఆ కథ చెప్పెదను. అందులోని గ్రీకు దేవతలు మన విశ్వాసమునకు సంబంధించిన వారు కారు. మొదటి భాగము 2005లో వెలువడినది. క్రేటోస్ స్పార్టా పట్టణపు సేనాని. యుద్ధములో ఓడిపోవుచు, ప్రాణము దక్కించుకొనుటకై ఆరెస్ అను యుద్ధదేవతకు తన్ను తాను అమ్ముకొనెను. ఆ యజమాని పన్నిన మోసమువలన ఒక రాత్రి ఒక గ్రామము మీద పడి, తెలియక తన భార్యను, కుమార్తెను తానే చంపుకొనెను. వారి చితాభస్మము వాని చర్మమునకు అంటుకొని విడువకపోయెను. ఆ తెల్లదనము అదియే. వాడు ఆరెస్‌ను చంపి పగ తీర్చుకొనెను. అయితే తన కన్నులయెదుట మెదలు ఆ రాత్రి దృశ్యములు తొలగిపోవునని ఆశించెను గాని అవి తొలగలేదు. కథ అక్కడ ముగిసినయెడల అది ఒక గొప్ప దుఃఖకథగా నిలిచియుండెడిది.

అయితే ఆట బాగుగా అమ్ముడుపోయినది గనుక 2007లో రెండవ భాగము వచ్చెను. ఇప్పుడు పగ జ్యూస్ అను దేవతారాజు మీదికి తిరిగినది. అతడే క్రేటోస్ తండ్రి యని చివర తెలియును. 2010లో మూడవ భాగము. అందులో వాడు ఒకరి తరువాత ఒకరిని చంపుకొనుచు పోవును. సముద్రదేవత చావగా సముద్రములు పొంగి భూమిని ముంచెను. సూర్యదేవత చావగా వెలుగు పోయెను. ఒకడు చావగా తెగులు వ్యాపించెను, మరియొకతె చావగా పచ్చనిదంతయు ఎండిపోయెను. చివరకు తండ్రిని చంపునాటికి ఏ లోకములో తన భార్యయు బిడ్డయు ఒకప్పుడు నివసించిరో ఆ లోకమే పాడైపోయినది.

నేను ఆ కుఱ్ఱవానితో నిజము చెప్పితిని. ఆ మూడవ భాగపు దృశ్యములు అరగంట చూచుసరికి నాకు విసుగు పుట్టెను. భయము కాదు, జాలియు కాదు, విసుగు. ఎవరు ఎదురు వచ్చినను ఏమి జరుగునో ముందే తెలియును. ఎంత పెద్దవాడు చచ్చును, ఎంత ఘోరముగా చచ్చును అనునదొక్కటే మిగిలిన సంగతి. "నాకూ గట్లనే అనిపించింది" అని వాడు ఒప్పుకొనెను. అయితే చూచుట మానలేదట.

పగ కథకు ఈ జబ్బు క్రొత్తగా వచ్చినది కాదు. ఆదికాండము 4వ అధ్యాయములో అది కనబడును. కయీనును చంపువానికి ఏడంతలు ప్రతిదండన కలుగునని దేవుడు చెప్పెను. అది కయీను ప్రాణమును కాపాడుటకు, చంపుట అను పని అంతటితో ఆగుటకు చెప్పిన మాట. అయిదు తరములు గడచిన తరువాత లెమెకు అనువాడు తన యిద్దరు భార్యలను పిలిచి, తన్ను గాయపరచినవానిని చంపితినని గొప్పలు చెప్పుకొని, కయీనుకు ఏడంతలైతే తనకు డెబ్బది యేడంతలు అనెను. ఆపుటకు ఇచ్చిన లెక్కను పెంచుటకు వాడుకొనెను. మొదటి కథకు రెండవ భాగము వ్రాయువాడు చేయునది సరిగా ఇదే. పగ తనంతట తాను క్రొత్త సంగతి పుట్టించలేదు, లెక్కను మాత్రము పెంచగలదు. పేతురు ఎన్ని మారులు క్షమింపవలెనని అడిగినప్పుడు ప్రభువు ఆ ఏడును, ఆ డెబ్బదినే తీసికొని బదులిచ్చుట (మత్తయి 18:22) చదువునప్పుడెల్ల నాకు లెమెకు జ్ఞాపకము వచ్చును.

మన తెలుగువారికి ఇది సినిమాలలో అనుభవమైనదే. సినిమా చూడవచ్చునా కూడదా అను వాదము ఇక్కడ ఎత్తుట లేదు. ఇంటింట టీవీ యున్నది. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర వచ్చెను. వాటి వెంబడి కత్తులు, కొడవళ్లు, గాలిలోకి లేచు సుమో బండ్లతో ఫ్యాక్షన్ కథలు వరుసగా వచ్చెను. అలంపురము వారికి తుంగభద్ర దాటినయెడల కర్నూలే గనుక, ఆ కథలలోని ఊళ్లు మనకు పరదేశము కావు. ఆవలి ఒడ్డున తెల్లచీరలు కట్టుకొన్న నిజమైన స్త్రీలు ఉండిరి. తెర మీద మాత్రము తండ్రి పోయిన పిమ్మట కొడుకు, అన్న పోయిన పిమ్మట తమ్ముడు, అదే కొడవలి. కొన్ని ఏండ్లకు ప్రేక్షకులకే మొగము మొత్తెను. 2018లో వచ్చిన అరవింద సమేత వీర రాఘవ అను చిత్రములో కథానాయకుడు పగను ఆపవలెనని తలపెట్టుట ఒక వింతగా తోచినదనిన, అంతకుముందు ఎంత అరిగిపోయినదో చూడుడి.

పరిశుద్ధ గ్రంథములో ఇట్టి పురుషుడు యోవాబు. అతని తమ్ముడు అశాహేలు యుద్ధములో అబ్నేరును తరుముచు, వద్దని అబ్నేరు రెండు మారులు బ్రతిమాలినను వినక, చంపబడెను. యోవాబు హెబ్రోను గుమ్మములో అబ్నేరును ప్రక్కకు పిలిచి పొడిచెను (2 సమూయేలు 3:27). హెబ్రోను ఆశ్రయపురములలో నొకటి (యెహోషువ 20:7). రక్తము విషయమై ప్రతిహత్య చేయువాడు ఆగవలసిన గుమ్మములోనే ఆ రక్తము పడినది. అయినను ఆ హత్యకు ఒక కారణమున్నది, తమ్ముని దుఃఖమున్నది. చదువువారికి కొంత జాలియైనను కలుగును. ఇక 20వ అధ్యాయములో అదే యోవాబు అమాశాను ముద్దుపెట్టుకొనునట్లు గడ్డము పట్టుకొని పొడిచెను. అమాశా ఎవరి తమ్ముని చంపెను? ఎవరినీ చంపలేదు. యోవాబునకు రావలసిన పదవిలో నుండెను, అంతే. మొదటి మారు దుఃఖము చేయించిన పనిని రెండవ మారు చేతి అలవాటు చేయించెను.

ఇంతవరకు వ్రాసి ఇక్కడ ఆపినయెడల నేను ఆ కుఱ్ఱవానికి అన్యాయము చేసినవాడనగుదును. పగవాని కథ విసుగని అనుట, దెబ్బ తగలనివానికి సులభము. పాలమూరు పల్లెలలో పండుగ సాయన్న కథ నేటికిని పాడుదురు. ఉన్నవారిని దోచి లేనివారికి పెట్టినవాడని ఆ కథ. అట్టి కథ వినుటకు మన తాతలు రాత్రంతయు కూర్చుండిరనిన, వారికి రక్తము మీద ఆశ యుండి కాదు. దొర గడీలో వినబడని మొఱ ఆ పాటలో వినబడెను. న్యాయాధిపతి చేయని పని ఎవడో ఒకడు చేసెనని వినుట ఆకలిగొన్నవానికి అన్నము వంటిది. ప్రకటన 6వ అధ్యాయములో బలిపీఠము క్రింద నున్న ఆత్మలు సహితము ఎందాక అని కేకవేయుచున్నవి. వారిని ఎవరును గద్దింపలేదు. తెల్లని వస్త్రములిచ్చి ఇంక కొంచెము కాలము ఆగుడని చెప్పబడెను. ఆ కేక పాపమని ఎక్కడను వ్రాయబడలేదు. కాబట్టి నీకు కోపము రాకూడదని నేను ఆ కుఱ్ఱవానితో చెప్పలేదు, చెప్పుటకు నాకు నోరు రాలేదు.

వానికి నేనిచ్చినది మూడు అధ్యాయములు. వరుసగా చదువుమంటిని.

మొదటి సమూయేలు 24లో సౌలు మూడువేలమందితో దావీదును వెదకుచు, ఏన్గెదీ అరణ్యములో ఒక గుహలోనికి ఒంటరిగా పోయెను. ఆ గుహ లోపలి భాగములో దావీదు ఉండెను. దేవుడే శత్రువును చేతికి అప్పగించెనని వెంట నున్నవారు చెప్పిరి. దావీదు వస్త్రపు చెంగు కోసెను, అంతకే అతని మనస్సు నొచ్చుకొనెను. ఇక్కడికి దావీదు క్షమించువాడని మనము నిర్ణయించుకొని పుస్తకము మూయుదుము. అయితే 25వ అధ్యాయములో నాబాలు అను ధనవంతుడు, మూడువేల గొఱ్ఱెలు వేయి మేకలు గలవాడు, దావీదు పంపిన పనివారిని తిట్టి వట్టిచేతులతో పంపివేసెను. రాజును విడిచిపెట్టినవాడు ఈ రైతు తిట్టిన తిట్టుకు నాలుగువందలమందికి కత్తులు కట్టించి, ఆ యింటి మగవారినందరిని తెల్లవారకముందే తుడిచివేయుదునని బయలుదేరెను! అబీగయీలు గాడిదల మీద రొట్టెలు, ద్రాక్షారసము, వండిన గొఱ్ఱెలు ఎక్కించుకొని కొండ చాటున ఎదురుపడి, ముందు ముందు రాజగునప్పుడు ఈ రక్తము నీ మనస్సులో మెలిపెట్టకూడదని బ్రతిమాలినది గనుక ఆగెను. 26వ అధ్యాయములో మరల సౌలు నిద్రించుచుండెను, ఈటె తలయొద్దనే నేలను గ్రుచ్చియుండెను, ఒక్క పోటు చాలునని అబీషై గుసగుసలాడెను. దావీదు ఈటెను, నీళ్లబుడ్డిని తీసికొని వచ్చివేసెను.

24కును 26కును నడుమ 25 లేనియెడల దావీదు బొమ్మవలె నుండెడివాడు. 25 యున్నది గనుక 26లో అబీషై ఈటె వైపు చూచినప్పుడు మనకు నిజముగా తెలియదు, ఇతడు ఏమి చేయునో. పగవాని కథ ఎంతకాలము మనలను పట్టియుంచుననగా, వాడు కొట్టకపోవచ్చునను సందేహము ఉన్నంతకాలమే. క్రేటోస్ మూడవ భాగములో ఆ సందేహము చచ్చిపోయెను. అందుకే నాకు విసుగు పుట్టెను.

మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతములలో సువార్త సేవ చేసిరి గదా. వారి పూర్వికుల చరిత్రలో డిర్క్ విలెమ్స్ అనువాడు కలడు. 1569లో నెదర్లాండ్స్ దేశమందలి ఆస్పెరెన్ ఊరిలో, విశ్వాసము నిమిత్తము పెట్టిన చెరనుండి తప్పించుకొని, గడ్డకట్టిన నీటి మీదుగా పారిపోయెను. తరుముచున్నవాని క్రింద మంచు విరిగి వాడు మునుగుచుండగా, డిర్క్ వెనుకకు తిరిగి వచ్చి వానిని పైకి లాగెను. దాని ఫలితముగా పట్టుబడి కాల్చబడెను. ఆ కథ ముగింపు తెలిసినవారికి సహితము, ఆ నీటి అంచున అతడు నిలుచున్న ఆ ఒక్క క్షణము ఊపిరి ఆపివేయును. నాలుగువందల యేబది యేండ్లకు పైగా అది పాతబడలేదు.

ఆ ఆటను చేసినవారికి కూడ ఇట్టిదేదో తోచినట్టున్నది. 2018లో వారు మరల ఆరంభించినప్పుడు క్రేటోస్‌ను ఉత్తరదేశపు మంచు అడవులలో పెట్టిరి. ముసలితనము వచ్చుచున్నది. రెండవ భార్య చనిపోయినది. అట్రియస్ అను చిన్న కుమారుడు ఉన్నాడు. తల్లి భస్మమును ఎత్తైన శిఖరము మీద చల్లుటకు తండ్రియు కొడుకును నడచిపోవుటయే కథ. తన పూర్వచరిత్రను క్రేటోస్ కొడుకునకు దాచును. దాచినను, గాయపడి పడియున్న ఒక శత్రువును తండ్రి వద్దనుచుండగా ఆ పిల్లవాడు కత్తితో పొడిచి చంపును. ఆ ఘట్టము మేమిద్దరము చూచితిమి. కొడుకు చేతిలోని తన పాత చేతిని ఆ తండ్రి చూచుచున్నాడు. చివరకు నేను నా తండ్రిని చంపితినని ఒప్పుకొని, మనము అంతకంటె మంచివారము కావలెనని చెప్పును. ఆ భాగము రెండుకోట్లకు పైగా అమ్ముడుపోయినది. 2022లో వచ్చిన తరువాతి భాగములో, తన కొడుకును చంపినందుకు క్రేటోస్ మీద పగబట్టిన ఫ్రేయా అను తల్లి క్రమముగా అతని పక్షముననే నిలుచును. వ్యాపారులు లాభమునకు చేసిన పని యని కొందరనవచ్చును. నిజమే. అయినను కొనినవారు దేనికొరకు కొనిరో అదియు ఆలోచింపదగినది.

కాబట్టి నీ ప్రశ్నకు ఇది జవాబు అంటిని. పగ తీరినవాడు బ్రతికి పిల్లవానిని పెంచును, పెంచుచు భయపడును.

వాడు ఏమియు అనలేదు. రెండు వారముల తరువాత ఆదివారము ఆరాధన ముగియగానే బైబిలులో వ్రేలు పెట్టుకొని వచ్చెను. మూడు అధ్యాయములతో ఆగక ముందుకు చదువుకొనుచు పోయెనట. 1 రాజులు 2వ అధ్యాయము నా ముందు తెరచెను. "అయ్యగారూ, షిమీని సంపనని దావీదు ఒట్టు పెట్టె గదా. సచ్చేముందు కొడుకుకు ఏం జెప్పిండో సూడుండ్రి."

నేను ఎన్ని మారులు ప్రసంగించిన గ్రంథము అది! దావీదు పారిపోవునప్పుడు రాళ్లు రువ్వి శపించిన షిమీని అతడు మరల వచ్చినప్పుడు క్షమించి ప్రమాణము చేసెను (2 సమూయేలు 19:23). మరణశయ్య మీద మాత్రము, వానిని నిర్దోషిగా ఎంచవద్దు, నెరిసిన తలను రక్తముతో సమాధికి దింపుమని సొలొమోనుకు అప్పగించెను. యోవాబు లెక్కయు ఆ శయ్య మీదనే అప్పగింపబడెను. యోవాబు బలిపీఠపు కొమ్ములు పట్టుకొని చచ్చెను. అది రాజ్యము నిలుపుటకు చేసిన న్యాయమని వ్యాఖ్యానకర్తలు చెప్పుదురు, యోవాబు విషయములో నేనును అంతో యింతో ఒప్పుకొందును. షిమీ విషయములో నా మనస్సు ఒప్పుకొనదు. గుహలో చెయ్యి ఆపుకొన్నవాడు తన చెయ్యి చల్లబడునప్పుడు కొడుకు చెయ్యి అడుగుకొనెను. ఒక కల్పిత కథలోని అన్యుడు తన కొడుకునకు ఇవ్వనిదానిని దావీదు ఇచ్చెను. వాక్యము దీనిని దాచలేదు గనుక నేనును దాచి చెప్పకూడదని, నాకు దీనికి సమాధానము లేదని వానితో చెప్పితిని. సమాధానము దావీదులో లేదు, దావీదు కుమారుడని పిలువబడినవాడు సిలువ మీద తన వారికి ఏమి అప్పగించెనో చూడుమని మాత్రము అంటిని. తల్లిని ఒక శిష్యునికి అప్పగించెను. లెక్కలేవియు ఎవరికిని అప్పగించలేదు.

"మా నాయన నాకేం జెప్పలే" అని వాడనెను. "ఆస్పత్రికి తోల్కపోతుంటెనే పాయె. జెప్పిందంత మామలే."

ఆ మాట నాకు అంతవరకు తట్టలేదు.

పోయిన నెలలో జూరాల నీళ్లు కాలువలకు వదలినప్పుడు నేను ఆ దారిన పోవుచుంటిని. చీకటి పడినది. వాడు పార భుజము మీద వేసికొని గట్టున కూర్చుండియుండెను. పైమడి వారిది. వారి మడి నిండి మడవ తీసినగాని వీరికి నీళ్లు రావు. ఏమి చేయుచున్నావంటిని. వారి ముసలాయన నడుము పట్టుకొని ఇంట పడుకొన్నాడనియు, మడవ తీయుటకు ఎవరును రాలేదనియు చెప్పెను. "నేనే తీస్తే దొంగతనంగ తీసిండంటరు. తీయకుంటె నారు ఎండుతది. ఆయన్ని అడగాల్నంటే ఆ ఇంటి గడప ఎక్కాలె."

కొంతసేపు ఇద్దరము కాలువ నీటి చప్పుడు వినుచు కూర్చుంటిమి. తరువాత వాడు పారను గట్టు మీద గ్రుచ్చి, ఫోను దీపము వెలిగించుకొని ఊరివైపు నడిచెను. నన్ను రమ్మనలేదు. ఆ పార అక్కడనే యుండెను.